తిత్లీకి పడ్డ పనస చెట్టు చెక్కతో ఎలక్ట్రిక్ గిటార్ చేయొచ్చా? 8,000 రూపాయల్లో అవుతుందా?

తమ్ముడూ, నువ్వు అడిగినవి మూడు. ఉద్దానంలో మీ తోటలో 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పడిపోయిన పనస చెట్టుని పలకలు కోయించి సావిట్లో పెట్టారు, దాంతో గిటార్ బాడీ అవుతుందా అన్నావు. చేతిలో 8,000 ఉంది, సరిపోతుందా అన్నావు. రంగు, పాలిష్ ఇంట్లోనే చేసుకోవచ్చా అన్నావు. మూడూ అవుతాయి, డబ్బు మాత్రం ఓ 250 ఎక్కువ పడొచ్చు. నాది విజయనగరం. ఆరేళ్ళలో నాలుగు గిటార్లు చేశాను, ఆదివారాలు చీపురుపల్లిలో మా మావయ్య వడ్రంగి షెడ్డులో కూర్చుని. కాబట్టి విన్నవి కాకుండా చేసి చూసినవే చెప్తాను.

ముందు ఒక్క మాట. నీ దగ్గరున్న డబ్బుకి దుకాణంలో కొత్త గిటారే వస్తుంది. డబ్బు మిగులుతుందని అయితే ఈ పని మొదలుపెట్టకు. నీ చేత్తో చేయాలనీ, మీ చెట్టు చెక్క పాడైపోకూడదనీ ఉంది చూడు, అందుకైతే తప్పకుండా చెయ్యి.

చెక్క సంగతి. మహాగని ఉండాలి, ఆల్డర్ ఉండాలి అని వీడియోల్లో చెప్తారు, అవి వాళ్ళ ఊళ్ళో దొరికే చెక్కలు. మనకి బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేసేది పనస చెక్కతోనే కదా, ఒకే మొద్దుని తొలిచి చేస్తారు. తీగ లాగుడుకి ఏళ్ళ తరబడి తట్టుకునే చెక్క అది. పైగా ఎలక్ట్రిక్ గిటార్‌లో శబ్దం పుట్టేది పెట్టెలోంచి కాదు, పికప్‌లో ఉన్న అయస్కాంతం మీద ఇనుప తీగ ఊగితే కింద చుట్టిన రాగి తీగలో కరెంటు పుడుతుంది, ఆంప్‌కి, అంటే శబ్దం పెంచే పెట్టెకి, వెళ్ళేది అదే. అందుకని చెక్క ఖరీదైనదా అని కాదు, ఎండిందా, వంకర పోకుండా నిలుస్తుందా అని చూడు. క్వీన్ బ్యాండ్ గిటారిస్ట్ బ్రయాన్ మే 1963లో కుర్రాడిగా ఉన్నప్పుడు వాళ్ళ నాన్నతో కలిసి ఇంట్లోనే గిటార్ మొదలుపెట్టాడు. దాని మెడ పాత ఫైర్‌ప్లేస్ తాలూకు చెక్కతో చేసింది. ఆ గిటార్ ఆయన ఇప్పటికీ వాయిస్తున్నాడు.

నీ చెక్క 2018 నుంచి నీడలో ఉంది కాబట్టి ఎండే ఉంటుంది, అయినా సావిట్లో వాన జల్లు కొట్టి ఉండొచ్చు, చూసుకో. నేను చేసే పద్ధతి ఇది: ముక్కని కొలతకి కాస్త పెద్దగా కోయించి, కిరాణా కొట్టు కాటా మీద తూకం వేసి, ఆ బరువు పెన్సిల్‌తో చెక్క మీదే తేదీతో సహా రాసి, ఇంట్లో గాలి తగిలే చోట నిలబెడతాను. వారానికోసారి మళ్ళీ తూకం. మూడు వారాలు వరసగా ఒకే బరువు వస్తే అప్పుడు రంపం పెట్టడమే. నా మూడో గిటార్ చెక్క మొదటి నెలలో 300 గ్రాములు తగ్గింది, అంటే ఆ నీళ్ళన్నీ లోపల ఉండగానే నేను మెడ కూర్చునే గాడి తీసి ఉంటే తర్వాత దాని కొలత తప్పిపోయేది. కొలత 18 అంగుళాల పొడవు, 13 అంగుళాల వెడల్పు, 45 మిల్లీమీటర్ల మందం. అంత వెడల్పు పలక లేకపోతే రెండు ముక్కలు చిత్రిక పట్టించి ఫెవికాల్‌తో అతికించి, క్లాంపులు బిగించి ఒక రోజంతా వదిలెయ్. ఎక్కడైనా కొమ్మ ముడి కనిపిస్తే, పగుళ్ళు లేకపోతే, దాన్ని కోసి పారేయకు. వెనక వైపుకి వచ్చేలా పెట్టుకో. పాలిష్ పడ్డాక అంత అందమైన చోటు ఇంకొకటి ఉండదు.

ఇప్పుడు డబ్బు. చెక్కకి పైసా పెట్టక్కర్లేదు కాబట్టి మిగిలిందాంట్లో సగం మెడకే పెట్టు. మొదటిసారి మెడ నువ్వు చెయ్యొద్దు, రెడీమేడ్‌గా ఫ్రెట్లు (మెడ మీది మెట్లు) కొట్టి, లోపల ట్రస్ రాడ్ అనే ఇనుప కడ్డీ ఉన్నది ఆన్‌లైన్‌లో కొను. ఆరు తీగలు శ్రుతిలో బిగిస్తే, సన్నటి సెట్ అయినా సరే, మెడ మీద 38 కిలోల లాగుడు పడుతుంది, అంటే 25 కిలోల బియ్యం బస్తా ఒకటిన్నర ఎప్పుడూ వేలాడుతున్నట్టు. దానికి ఎదురు నిలిచేది ఆ ఇనుప కడ్డీ. ఇక ఫ్రెట్ల దూరాలు అర మిల్లీమీటరు తేడా వచ్చినా చెవికి తెలిసిపోతుంది. వీణకి మైనం మీద మెట్లు కూర్చేవాళ్ళని చూస్తే ఆ పని ఎంత ఓపికో అర్థమవుతుంది. నాకు మొన్న చేసినదానికి మెడ 3,500, పికప్‌లు స్విచ్ నాబ్‌లు జాక్ అన్నీ కలిపి 1,500, బాడీ మీద తీగలు ఆనే బ్రిడ్జ్ 700, తీగలు బిగించే ట్యూనర్లు 800, తీగలు 450, రౌటర్ మిషన్‌తో గాళ్ళు తీసినందుకు మేస్త్రికి 400, పాలిష్ సామాను 600 అయ్యాయి. స్క్రూలు, ఫెవికాల్, రాగి టేపు ఇంకో 300. మొత్తం 8,250, నీ లెక్కకి 250 ఎక్కువే.

బ్రిడ్జ్ ఎక్కడ పెట్టాలన్నదే అసలైన టెన్షన్. నా మొదటి గిటార్ పాడైంది ఇక్కడే. మెడ 648 మిల్లీమీటర్ల (తీగ మోగే పొడవు) స్కేల్‌ది. నట్ (మెడ పై చివర తీగలు ఆనే గాళ్ళ పట్టీ) దగ్గర టేపు పెట్టి 648 కొలిచి బ్రిడ్జ్ బిగించేశాను. కానీ టేపు పెట్టింది నట్ వెనక అంచు మీద, పెట్టాల్సింది ఫ్రెట్ల వైపు ఉన్న అంచు మీద. నట్ మందం 4 మిల్లీమీటర్లు, అంటే బ్రిడ్జ్ 4 మిల్లీమీటర్లు ముందుకి వచ్చేసింది. విడి తీగ శ్రుతిలోనే ఉంటుంది, పైకి వెళ్ళేకొద్దీ ప్రతి స్వరమూ హెచ్చుగా పలుకుతుంది, సాడిల్ (బ్రిడ్జ్ మీద ఒక్కో తీగ ఆనే చిన్న దిమ్మ) స్క్రూలు చివరిదాకా తిప్పినా లాభం లేకపోయింది. పాత బెజ్జాల్లో గుండ్రంగా చెక్కిన చెక్క ముక్కలు ఫెవికాల్ పూసి దిగ్గొట్టి, ఆరాక మళ్ళీ తొలవాల్సి వచ్చింది.

కాబట్టి ఇలా చెయ్యి. నట్ ముందు అంచు నుంచి 12వ ఫ్రెట్‌కి కొలువు, 324 రావాలి. అక్కడినుంచి మళ్ళీ 324, అదీ సన్న తీగ సాడిల్ ఉండాల్సిన చోటు. లావు తీగలకి ఇంకొంచెం వెనక్కి కావాలి కాబట్టి సాడిల్స్‌ని ముందుకి జరిపి పెట్టుకుని కొలిస్తే వెనక్కి తిప్పుకోవడానికి చోటుంటుంది. స్క్రూ పెట్టకముందు నట్‌లో రెండు చివరి గాళ్ళలోంచి కుట్టు దారం రెండు వరసలు బ్రిడ్జ్ దాకా లాగి, టేపుతో అంటించి, మెడ రెండంచుల నుంచీ దారం సమానంగా ఉందో లేదో పైనుంచి చూడు. ఒకవైపు దారం అంచు దాటి పోతోందంటే బ్రిడ్జ్‌ని పక్కకి జరపాలి. ఈ దారం పని పది నిమిషాలు, నాకు ఒక గిటార్ పోయాక తెలిసింది. మెడ కూర్చునే గాడి 16 మిల్లీమీటర్ల లోతు. స్క్రూలు లేకుండా మెడ పట్టుకుని ఎత్తినా బాడీ ఊడి పడకూడదు, అంత బిగువు కావాలి. స్క్రూలకి ముందే సన్న బెజ్జాలు వేసి, మరకి కాస్త సబ్బు రాస్తే చెక్క చీలదు.

పాలిష్. ఇది ఇంట్లో చేసుకోగలిగిందే, నాకు అన్నిటికన్నా ఇష్టమైన పని కూడా. రెండో గిటార్‌కి నేను ఆగలేక ఆగస్టులో, పక్కన వాన కురుస్తుండగా, కార్ల పెయింటర్ దగ్గర ఎన్‌సీ లాకర్ (థిన్నర్ కలిపి కొట్టే మెరుపు పూత) స్ప్రే చేయించాను. పది నిమిషాల్లో అద్దానికి ఆవిరి పట్టినట్టు మొత్తం తెల్లబడిపోయింది. థిన్నర్ గబుక్కున ఆవిరయ్యేటప్పుడు పైపొర చల్లబడి గాల్లో తేమని పట్టుకుంటుంది, అదీ కారణం. ఎండ కాసిన రోజు నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్ పల్చగా కొడితే పోయింది గానీ ఆ రాత్రి నిద్ర లేదు. మన సముద్రం వైపు వానాకాలంలో లాకర్ జోలికి వెళ్ళకు. సంక్రాంతి దాటాక మార్చి లోపు చేసుకో. ఇంకొకటి, మామూలు ఆయిల్ పెయింట్ వేసి దాని మీద లాకర్ వేస్తే కింద రంగు ముడతలు లేచిపోతుంది, ఆ కలయిక వద్దు.

నీ బడ్జెట్‌కి లక్క పాలిష్ మంచిది. ఏటికొప్పాక బొమ్మలకి మెరుపు తెచ్చేది కూడా లక్కే. స్ప్రే గన్ అక్కర్లేదు. ముందు ఉప్పు కాగితం 120తో మొదలుపెట్టి 180, 240, 320 దాకా, చెక్క గీత వెంటే రుద్దు, అడ్డంగా ఒక్క గీత పడినా పాలిష్‌లో బయటపడుతుంది. తర్వాత తడి గుడ్డతో తుడిస్తే సన్నటి నూగు లేస్తుంది, ఆరనిచ్చి మళ్ళీ 320. మూలలు పదునుగా వదలకు, గుండ్రం చెయ్యి, పదును అంచుల మీద పాలిష్ నిలవదు. 100 గ్రాముల లక్క రేకులు అర లీటరు స్పిరిట్‌లో రాత్రంతా నానబెట్టి, పొద్దున్న గుడ్డలో వడగట్టు. పాత పంచె ముక్కలో దూది ఉండ చుట్టి, పాలిష్‌లో ముంచి, పిండి, ఈ చివర నుంచి ఆ చివరకి ఆపకుండా ఒకే లాగుడు. మధ్యలో చెయ్యి ఆగిందా, గుడ్డ అక్కడే అంటుకుని మచ్చ పడుతుంది. రోజుకి రెండు మూడు పూతలు, నాలుగైదు రోజులు. రెండో రోజుకి పనస పసుపు కొమ్ములా మెరుస్తుంది, ఏళ్ళు గడిస్తే ఎర్రబారుతుంది. దాని మీద నల్ల రంగు వేయడానికి నాకైతే మనసొప్పదు, నీ ఇష్టం. స్పిరిట్ అంటుకునే సరుకు, వంటింట్లో స్టవ్ దగ్గర పెట్టుకోకు. అవిసె నూనె వాడితే ఆ గుడ్డలు ఉండ చుట్టి మూల పడేయొద్దు, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి, తీగ మీద విప్పి ఆరెయ్యి.

వైరింగ్ సులువే. సోల్డరింగ్ రాకపోతే మొబైల్ రిపేరు కుర్రాడు అరగంటలో చేసేస్తాడు. ఒకే చుట్ట ఉన్న సింగిల్ కాయిల్ పికప్‌లైతే 250కే పాట్లు (నాబ్ కింద ఉండి శబ్దం హెచ్చుతగ్గులు చేసేవి), రెండు చుట్టలున్న హంబకర్లైతే 500కే. గాడి లోపల రాగి టేపు అంటించి గ్రౌండ్‌కి కలుపు, బ్రిడ్జ్ కిందకి కూడా ఒక గ్రౌండ్ తీగ పోవాలి, లేకపోతే జుమ్మని హోరు. ఆంప్‌కి పెట్టాక తీగలు ముట్టుకుంటే చిన్న షాక్ కొట్టిందంటే వెంటనే ఆపెయ్, ఇంట్లో ఎర్తింగ్ సరిచేయించేదాకా మళ్ళీ పెట్టకు.

చివరికి తీగలు కట్టి, ఫోన్‌లో శ్రుతి చూపించే ట్యూనర్ యాప్ తెరిచి, 12వ ఫ్రెట్ పైన తీగని వేలితో ఊరికే తాకి మీటు, తర్వాత అక్కడే నొక్కి మీటు. రెండూ ఒకే చోట చూపించాలి. నొక్కినది హెచ్చుగా ఉంటే సాడిల్ వెనక్కి, తగ్గితే ముందుకి తిప్పు. ఆరు తీగలకీ చెయ్యి. బాడీ కోయకముందు పలకల ఫోటో, పొడవు వెడల్పులు ఇక్కడ పెట్టు, ముక్కలు ఎలా కలిపితే వృథా పోదో చెప్తాను.