మోటార్ లేబుల్ మీద 2.5 వోల్టులని ఉంటే 12 వోల్టులు ఇవ్వొచ్చా?

మీ దగ్గర నెమా 23 సైజు స్టెప్పర్ మోటార్లు (చిన్న చిన్న స్టెప్పులుగా తిరిగేవి) మూడున్నాయి, ఒక్కోటి 2.8 యాంపులు, లేబుల్ మీద 2.5 వోల్టులని ఉంది, 12 వోల్టుల సప్లై ఇస్తే కాలిపోతాయేమోనని మీ టెన్షన్. కాలవండి. అసలు 12 వోల్టులు మీకు సరిపోవు కూడా.

ఆ 2.5 అనేది కరెంట్‌ని కాయిల్ రెసిస్టెన్స్‌తో గుణిస్తే వచ్చిన అంకె, అంతే. ఇప్పటి చాపర్ డ్రైవర్లు, అంటే కరెంట్‌ని వేగంగా ఆన్-ఆఫ్ చేస్తూ మోటార్‌ని నడిపే బోర్డులు, తమ హద్దులోపు వోల్టేజ్ ఎంత ఇచ్చినా కరెంట్ మనం పెట్టిన హద్దు దాటకుండా కోసేస్తాయి, కాబట్టి మోటార్‌కి ప్రమాదం కరెంట్ ఎక్కువ పెడితేనే.

నేను చిన్న సీఎన్‌సీ రౌటర్ (కంప్యూటర్ నడిపే చెక్కే మెషీన్) తయారుచేసుకున్నప్పుడు 12 వోల్టులతోనే మొదలుపెట్టాను. నెమ్మదిగా తిప్పితే బాగానే లాగేది, వేగం పెంచగానే కీచుమని ఆగిపోయేది. మోటార్ బలం చాలలేదనుకుని ఇంకా పెద్దవి తెచ్చి బిగించాను, వాటి ఇండక్టెన్స్ (కరెంట్ మార్పుని కాయిల్ అడ్డుకునే గుణం) ఇంకా ఎక్కువ కావడంతో పరిస్థితి మరింత పాడైంది. లెక్క వేసుకున్నాకే అర్థమైంది. 2.5 మిల్లీహెన్రీల కాయిల్‌లో 12 వోల్టులతో కరెంట్ 2.8 యాంపులకు చేరడానికి సుమారు 0.6 మిల్లీసెకన్లు పడుతుంది, నిమిషానికి 600 చుట్లు తిరిగే 200 స్టెప్పుల మోటార్‌కి ఒక్కో స్టెప్‌కి దొరికేది 0.5 మాత్రమే, పైగా తిరిగే మోటార్ పుట్టించే ఎదురు వోల్టేజ్ (బ్యాక్ ఈఎంఎఫ్) కూడా అడ్డుపడుతుంది. అదే 36 వోల్టులైతే 0.2 లోపే చేరిపోతుంది. పాత మోటార్లే మళ్లీ బిగించి సప్లై ఒక్కటి మార్చాను, ఆ ఆగిపోవడం పోయింది.

డ్రైవర్ని కరెంట్ చూసి ఎంచుకోండి. ఏ4988 లాంటి చిన్న బోర్డు హీట్‌సింక్ లేకుండా ఒక యాంపు దగ్గరే వేడెక్కిపోతుంది, మీ మోటార్లకి అది వద్దు. 4.2 యాంపుల పీక్ వరకు ఇచ్చే డీఎం542 రకం సరిపోతుంది. దాని మీది పట్టికలో పీక్ (కరెంట్ చేరే గరిష్ఠం), ఆర్‌ఎంఎస్ (ఒకరకమైన సగటు) అని రెండు వరుసలుంటాయి, పీక్ అంటే ఆర్‌ఎంఎస్‌కి 1.4 రెట్లు. నేనైతే పీక్ అంకెనే 2.8 దగ్గర పెట్టి మొదలుపెడతాను, మోటార్ వేడి చూసుకుని తర్వాత పెంచుతాను.

ఆ డ్రైవర్ 50 వోల్టుల దాకా తట్టుకుంటుంది కదా అని 48 పెట్టకండి. బరువైన గ్యాంట్రీ (మెషీన్ మీద అటూఇటూ కదిలే అడ్డ దూలం) ఒక్కసారిగా ఆగేటప్పుడు మోటార్ జనరేటర్‌లా పనిచేసి కరెంట్‌ని వెనక్కి నెడుతుంది, సప్లై లైన్‌లో వోల్టేజ్ పైకి లేస్తుంది. 36 అయితే అలా లేచే వోల్టేజ్‌కి ఖాళీ ఉంటుంది.

సప్లై యాంపుల కోసం మూడు 2.8లు కూడి 8.4 అనుకోనక్కర్లేదు, డ్రైవర్ ఎక్కువ వోల్టేజ్‌ని తక్కువ వోల్టేజ్‌గా మార్చి కాయిల్‌కి ఇస్తుంది కాబట్టి సప్లై నుంచి లాగే కరెంట్ తక్కువే. మొత్తంలో మూడింట రెండు వంతులు, అంటే సుమారు 5.6 యాంపులు చాలు, నేను ఇంకాస్త ఎక్కువున్నదే తీసుకుంటాను.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను, పవర్ ఉండగా మోటార్ వైరు పీకకండి. కాయిల్‌లోని కరెంట్‌కి దారి లేక వచ్చే స్పైక్‌తో నాకొక డ్రైవర్ అక్కడికక్కడే పోయింది. వదులుగా ఉన్న స్క్రూ టెర్మినల్ కూడా ఇదే పని చేస్తుంది.

మీ మోటార్ డేటాషీట్‌లో ఇండక్టెన్స్ ఎంతుందో ఇక్కడ రాయండి, 5 మిల్లీహెన్రీలు దాటి ఉంటే డ్రైవర్ విషయం మళ్లీ ఆలోచిద్దాం.