ఆటకూ కావాలి ఆటవిడుపు

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. నాలుగేళ్లుగా మిత్రులతో కలిసి, తలా ఒక పాత్ర ధరించి కథలా సాగించే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఆడుతున్నాను. ఆటను నడిపించే డంజన్ మాస్టర్‌ని నేనే. మా బృందంలో ఇద్దరు డాలస్‌లో ఉండటం వల్ల ప్రతి శనివారం రాత్రి 10 గంటల నుంచి 2 దాకా ఆన్‌లైన్‌లో ఆడతాం. ఒకప్పుడు శనివారం కోసం ఎదురుచూసేవాడిని. కొన్ని నెలలుగా శుక్రవారం నుంచే గుండె బరువెక్కుతోంది. కథ సిద్ధం చేయబోతే ఏమీ తోచదు, చిన్న మాటకే విసుక్కుంటున్నాను, ఆదివారమంతా తలనొప్పి, నిస్సత్తువ. కొంతకాలం ఆపుదామంటే నన్ను నమ్ముకున్నవారికి అన్యాయం చేస్తున్నానేమో అనిపిస్తోంది. ఇది జబ్బా? ఆట మానేయాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

సలహా: మీరు ఆటను శాశ్వతంగా మానేయాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు. అయితే కొన్ని వారాల విరామం మాత్రం తప్పకుండా తీసుకోవాలి. అదీ శనివారపు ఆట నుంచే కాకుండా, వారమంతా దాని కోసం మీరు చేసే సన్నాహాల నుంచి కూడా. మీరు రాసినవి బర్నవుట్ లక్షణాలకు చాలా దగ్గరగా ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణ అయిన ఐసీడీ-11లో దీన్ని జబ్బుగా కాక, ఉద్యోగంలో దీర్ఘకాలం సాగిన ఒత్తిడిని సంబాళించుకోలేకపోయినప్పుడు తలెత్తే స్థితిగా పేర్కొంది. కచ్చితంగా చెప్పాలంటే ఆ నిర్వచనం ఉద్యోగానికే వర్తిస్తుంది, వ్యాపకానికి కాదు. కానీ ఒంట్లో శక్తి అడుగంటినట్టు అనిపించడం, చేసే పని మీద వైముఖ్యం పెరగడం, చేతనైన పని కూడా చేతకాదనిపించడం అనే మూడు గుర్తులూ మీ ఉత్తరంలో ఉన్నాయి కనుక, పేరు ఏదైనా దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఇంట్లోవారు దీన్ని ఆటల వ్యసనంగా భావించే అవకాశం ఉంది. ఐసీడీ-11లోని గేమింగ్ డిజార్డర్ డిజిటల్ ఆటలకు, వీడియో గేమ్‌లకు సంబంధించినది. అందులో మనిషి ఆటను అదుపులో పెట్టుకోలేడు, నష్టం జరుగుతున్నా ఆడుతూనే ఉంటాడు. మీ పరిస్థితి అందుకు పూర్తిగా విరుద్ధం. ఆడాలన్న కోరిక తగ్గిపోయినా, మాట తప్పకూడదని ఆడిస్తున్నారు.

ఈ ఆట తెలియని పాఠకుల కోసం కొంత వివరించాలి. అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ రూపొందించగా 1974లో వెలువడిన ఈ ఆటలో ఒక్కొక్కరూ ఒక్కో పాత్ర ధరిస్తారు, జయాపజయాలను చాలావరకు ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. డంజన్ మాస్టర్ కథ చెప్పాలి, మిగతా పాత్రలన్నిటి తరఫునా మాట్లాడాలి, నియమాల విషయంలో తీర్పు చెప్పాలి, ఎవరికీ చిన్నబుచ్చుకునే పరిస్థితి రాకుండా చూసుకోవాలి. చాలా బృందాల్లో అందరికీ వీలైన సమయం కుదిర్చే బాధ్యత కూడా ఆయన మీదే పడుతుంది. పెళ్లికి వచ్చిన చుట్టాలకు అది సంబరమే గానీ, పెళ్లి చేసే ఇంటివారికి ఆ నాలుగు రోజులూ కూర్చోవడానికి తీరికుండదు. మీరు నాలుగేళ్లుగా పెళ్లి చేసే ఇంటివారి స్థానంలో ఉన్నారు.

పని ఒత్తిడి నుంచి మనసు తేరుకునే తీరుపై 2007లో జాబినె జోనెన్‌టాగ్, షార్లెట్ ఫ్రిట్జ్ అనే పరిశోధకులు నాలుగు అంశాలను గుర్తించారు. పని ఆలోచనల నుంచి పూర్తిగా బయటపడటం, సేదతీరడం, కొత్తది నేర్చుకున్నామన్న తృప్తి, ఖాళీ సమయాన్ని మన ఇష్టప్రకారం వాడుకోగలగడం. మొదట్లో ఈ ఆట మీకు వీటిలో రెండు మూడింటిని ఇచ్చి ఉంటుంది. ఇప్పుడు వారమంతా ఆఫీసు పని చేసిన కంప్యూటర్ ముందే శనివారం రాత్రీ కూర్చుని, మరొక గడువు కోసం శ్రమిస్తున్నారు. ముఖ్యంగా నాలుగోది పూర్తిగా మీ చేయి దాటిపోయింది. అందుకే విశ్రాంతి కోసం మొదలుపెట్టిన వ్యాపకం మిమ్మల్ని ఇంతగా అలసటకు గురిచేస్తోంది.

ఆదివారపు తలనొప్పికి నిద్ర ప్రధాన కారణం కావచ్చు. రెండింటికి ఆట ముగిసినా ఉత్సాహంలో ఉన్న మెదడు వెంటనే నిద్రలోకి జారుకోదు. ఆదివారం పొద్దెక్కేదాకా పడుకుని, సోమవారం మళ్లీ ఆఫీసు వేళకు లేస్తే శరీరంలోని జీవ గడియారం వారం వారం అటూ ఇటూ లాగబడుతుంది. పెద్దవారికి రోజూ కనీసం 7 గంటల నిద్ర, అదీ ఇంచుమించు ఒకే వేళల్లో, అవసరం. మెలకువ కోసం 10 గంటలకు కాఫీ తాగితే, అందులోని కెఫీన్‌లో దాదాపు సగం తెల్లవారుజాము 3 గంటలకు కూడా ఒంట్లోనే ఉండవచ్చు.

విరామానికి ముందు మరొక విషయం తేల్చుకోండి. విసుగు ఈ ఆటకే పరిమితమా, లేక సినిమా, సంగీతం, ఇష్టమైన భోజనం, కుటుంబంతో గడపడం వంటివి కూడా రుచించడం లేదా? రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువ భాగం దిగులుగా ఉండటం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఆకలి, నిద్ర మారిపోవడం ఉంటే డిప్రెషన్‌ను అనుమానించాలి, అప్పుడు కేవలం విరామం సరిపోదు. బతకడం దండగ అనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయకుండా వైద్యుణ్ని కలవండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416 నంబరులో ఏ వేళకైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. నిస్సత్తువ ఉంది కాబట్టి హిమోగ్లోబిన్, థైరాయిడ్, విటమిన్ బి12, రక్తంలో గ్లూకోజు పరీక్షలు కూడా చేయించుకోవడం మంచిది. శాకాహారులైతే బి12 లోపం ఎక్కువగా కనిపిస్తుంది.

ఇక విరామం సంగతి. నా ఉద్దేశంలో మీకు ఆరు నుంచి ఎనిమిది వారాలు కావాలి. ఈ మాటను అలసటతో ఆట మధ్యలో అనకుండా, ముందుగానే అందరికీ సూటిగా చెప్పండి: ‘నేను అలసిపోయాను, ఫలానా తేదీ వరకు ఆట నడపను, ఆ రోజు మళ్లీ మాట్లాడుకుందాం.’ తిరిగి మాట్లాడుకునే తేదీ చెప్పకుండా ఆపేస్తే అది మీ మెడ మీద అప్పులా వేలాడుతుంది, మిత్రులకూ అనుమానాలు మిగులుతాయి. ఈలోగా కథ రాయడం, నియమాల పుస్తకాలు తిరగేయడం, ఇతరుల ఆట వీడియోలు చూడటం అన్నీ పక్కన పెట్టండి. ఖాళీ అయిన శనివారం రాత్రిని ఆఫీసు పనికి మాత్రం ఇవ్వకండి. మొదటి ఒకటి రెండు వారాలు వెలితిగా అనిపించవచ్చు, ఆ వెలితి చూసి విరామాన్ని కుదించుకోకండి.

ఆట ఆపమన్నానని మిత్రులకు దూరం కావద్దు. నాలుగేళ్లుగా మీ మానసిక ఆరోగ్యానికి ఈ స్నేహం గట్టి ఆసరాగా ఉండి ఉంటుంది, దాన్ని కోల్పోతే మేలు కంటే కీడే ఎక్కువ. ఊళ్లో ఉన్నవారిని కలవండి, డాలస్‌లో ఉన్నవారికి ఫోన్ చేయండి. వారిలో ఎవరైనా ఈలోగా ఒక్క పూటలో ముగిసే చిన్న కథను నడపదలిస్తే సంతోషంగా నడపనివ్వండి. మీరు లేకపోతే అందరూ నష్టపోతారన్న అపరాధభావం కొంతైనా తగ్గుతుంది. అయినా, ఇంత అలసిన మనిషి ఇష్టం లేకుండా తమ కోసం కష్టపడాలని మంచి మిత్రులెవరూ కోరుకోరు.

తిరిగి వెళ్లేటప్పుడు వెంటనే డంజన్ మాస్టర్ బాధ్యత తీసుకోకుండా, కొన్నాళ్లు మామూలు ఆటగాడిగా కూర్చోండి. ఆ తర్వాత రెండు వారాలకోసారి, మూడు గంటలకు మించకుండా, సిద్ధంగా దొరికే సాహసకథలతో నడపవచ్చు. తేదీలు కుదిర్చే పని వేరొకరికి అప్పగించండి. వేళ కూడా మార్చుకోవడం సాధ్యమే. ఇక్కడ ఆదివారం ఉదయం 8 గంటలైనప్పుడు డాలస్‌లో వేసవిలో శనివారం రాత్రి 9.30, చలికాలంలో 8.30 అవుతుంది. అలా అయితే ఎవరూ తెల్లవారుజాము దాకా మేలుకోనక్కర్లేదు.

గడువు ముగిసేనాటికి కథ గురించిన ఆలోచనలు వాటంతట అవే రావడం మొదలైతే మీరు తేరుకున్నట్టే. రాకపోతే గడువు పొడిగించండి, లేదా ఒక చివరి ఆటతో కథను ముగించండి, అందులో తప్పేమీ లేదు. ఆట లేకపోయినా అలసట అలాగే ఉంటే మాత్రం దాని మూలం ఉద్యోగంలోనో, మరెక్కడో ఉందని అర్థం. అప్పుడు సైకియాట్రిస్ట్‌ను గానీ క్లినికల్ సైకాలజిస్ట్‌ను గానీ స్వయంగా కలిసి, పూర్తి వివరాలు చెప్పి సలహా తీసుకోండి.