కేసు రిపోర్టు వెనక్కి వస్తే: చికిత్సకు సమ్మతి, ప్రచురణకు సమ్మతి వేర్వేరు
సమ్మతి పత్రం జతచేసినా వైద్య పత్రిక మీ కేసు రిపోర్టును (ఒక రోగి కేసు గురించి రాసిన వ్యాసాన్ని) వెనక్కి పంపిందంటే, మీరు పెట్టింది శస్త్రచికిత్సకు రోగి ఇచ్చిన సమ్మతి అయి ఉంటుంది. ప్రచురణకు విడిగా తీసుకోవాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి కూడా దానికి బదులు కాదు.

1. పత్రికకు సొంత సమ్మతి పత్రం ఉంటే అదే వాడండి.

2. సంతకానికి ముందు వ్యాసాన్ని, ఫొటోలను రోగికి చూపించండి. చాలామంది వదిలేసేది ఇదే. ఇంటర్నెట్‌లో ఎవరైనా చూడవచ్చని, అచ్చయ్యాక వెనక్కి తీసుకోవడం కుదరకపోవచ్చని రోగికి అర్థమయ్యే భాషలో చెప్పండి. ఒప్పుకోకపోయినా చికిత్సలో తేడా రాదని తప్పక చెప్పాలి. వైద్యం చేస్తున్నవారికి ఎదురుగా కాదనడం రోగికి చాలా కష్టం.

3. ఫొటోలో రోగి ఎవరో తెలియకుండా ఉండాలంటే కళ్లపై నల్లపట్టీ వేస్తే చాలదు. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ (ఐసీఎంజేఈ) సిఫార్సులు ఈ మాట స్పష్టంగా చెబుతున్నాయి.

4. సమ్మతి తీసుకున్నట్లు వ్యాసంలో రాయండి. సంతకం చేసిన పత్రాన్ని భద్రంగా దాచండి.