మీటింగు సారాంశంలో నన్ను ‘హి’ అని రాస్తున్నారు, చట్టం ఏమంటుంది?

ప్రశ్న: నేను భీమవరం దగ్గర రొయ్యల ఎగుమతి కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తున్న ట్రాన్స్ మహిళను. కలెక్టరుగారు ఇచ్చిన గుర్తింపు పత్రం ఉంది, ఆఫీసు రికార్డుల్లో పేరూ మారింది. ప్రతి వారం జరిగే ఆన్‌లైన్ మీటింగు సారాంశాన్ని ఏఐ ఇంగ్లీషులో రాసి అందరికీ మెయిల్ చేస్తుంది. అందులో నన్ను ఎప్పుడూ ‘హి’ అనే రాస్తోంది. మేనేజరుకు చెబితే, ‘మెషిన్ రాసింది, మనమేం చేస్తాం’ అంటున్నారు. నాకు చట్టపరంగా దారి ఉందా?

జవాబు: ఉంది. సారాంశం రాసింది మెషినే కావచ్చు గాని, ఆ సాఫ్ట్‌వేర్‌ను తెచ్చుకున్నదీ, అది రాసినదాన్ని ఎవరూ చదవకుండానే అందరికీ వెళ్లే ఏర్పాటు చేసుకున్నదీ కంపెనీయే కనుక, జవాబు చెప్పవలసిందీ కంపెనీయే.

పొరపాటు ఎక్కడ పుడుతోందో చూడండి. ‘యాంటీబయాటిక్ పరీక్ష రిపోర్టు మేడమ్ గారు పంపారు’ అని మీటింగులో అంటారు. తరువాతి వాక్యాల్లో ‘పంపారు, చెప్పారు’ అనే సాగుతుంది, ఆ క్రియల్లో ఆడా మగా తేడా లేదు. ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు మాత్రం మెషిన్ సాధారణంగా హి (అతడు), షి (ఆమె)లలో ఏదో ఒకటి ఊహించి పెడుతుంది. అంటే మీటింగులో ఎవరూ అనని మాట రికార్డుకెక్కుతోంది. మీ ఫిర్యాదులో ఈ సంగతి తప్పక రాయండి. ఇది మనసు నొచ్చుకున్న విషయం మాత్రమే కాదు, రికార్డే తప్పు.

ఇక చట్టం. 2014 ఏప్రిల్ 15న నల్సా (జాతీయ న్యాయ సేవల ప్రాధికార సంస్థ) కేసులో సుప్రీంకోర్టు లింగ గుర్తింపును రాజ్యాంగంలోని 21వ అధికరణం కాపాడే గౌరవంలో భాగంగా చూసింది. 2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం 9వ సెక్షన్ ఉద్యోగంలో వివక్షను నిషేధిస్తుంది, 11వ సెక్షన్ ప్రకారం ప్రతి సంస్థలో ఫిర్యాదుల అధికారి ఉండాలి. సర్వనామాల గురించి ఆ చట్టంలో విడిగా ఏమీ లేదు కనుక, ఒక్కసారి జరిగిన పొరపాటుతో కేసు నిలబడుతుందని నేను భరోసా ఇవ్వలేను. కానీ రాతపూర్వకంగా తెలియజేశాక కూడా వారం వారం అదే సాగితే, అది పొరపాటన్న వాదన పలచబడుతుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టంలో తప్పు వివరాలను సవరింపజేసుకునే హక్కు 12వ సెక్షన్‌లో ఉంది, అయితే 2025 నవంబరులో ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం అది 18 నెలల తరువాతే అమలులోకి వస్తుంది.

కాబట్టి ముందు ఫిర్యాదుల అధికారికి, అలాంటివారు లేకపోతే హెచ్.ఆర్.కు, గుర్తింపు పత్రం నకలు జతచేసి మెయిల్ పంపండి. ఇప్పటికే వెళ్లిన సారాంశాలు అందుకున్న అందరికీ సవరణ పంపాలనీ, మీ అకౌంటులో పాత వివరాలు మిగిలి ఉంటే తీసేయాలనీ, ఇకపై ఒక మనిషి చదివాకే మెయిల్ వెళ్లాలనీ అడగండి. సర్వనామం బదులు పేరే రాయించమంటే కంపెనీకీ తేలిక. పాత మెయిళ్లను మాత్రం చెరపకండి, వాటిని ఉన్నవి ఉన్నట్టే దాచండి. 2024 జూలై 1 నుంచి అమలులో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డు ప్రింటును కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్ జతచేయాలి, అప్పుడు అసలు మెయిల్ అవసరమవుతుంది. మీ ఫిర్యాదుకు సకాలంలో జవాబు రాకపోతే, ఈ మెయిళ్లన్నీ తీసుకుని దగ్గరలోని న్యాయవాదిని కలిసి కంపెనీకి లీగల్ నోటీసు ఇప్పించండి.