నాన్న మీద అరిచాను, మనసు కుదుటపడటం లేదు: సమాధానం

మీకు తగ్గింది ప్రేమ కాదు, నిద్ర. ఒడిశాలోని గుణుపురంలో, పక్షవాతం వచ్చిన నాన్నగారిని పది నెలలుగా ఒక్కరే చూసుకుంటున్నారు. మొన్న ఆయన గంజి గిన్నె తోసేశారని మీరు అరిచారు. దాన్ని పాపపుణ్యాల దాకా లాగకండి.

1. ముందు ఆయనకే చెప్పండి. అందరూ వదిలేసేది ఇదే. గుడిలో లెంపలేసుకుంటారు, మంచం పక్కన మాత్రం నోరు పెగలదు. మాట పడిపోయినా చాలామందికి మన మాట అర్థమవుతూనే ఉంటుంది. పర్లాకిమిడిలో మా అమ్మతో నేనూ అన్నాను: "అమ్మా, నిన్న అరిచాను, తప్పయింది." బాగున్న చేత్తో నా కొంగు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. సంజాయిషీ మాత్రం కలపకండి. "నువ్వు తోశావు కాబట్టే" అన్నారా, కథ మళ్లీ మొదటికే.

2. గిన్నె తోయడం మొండితనం కాకపోవచ్చు. పక్షవాతంలో చాలామందికి మింగడం కష్టమవుతుంది. తినేటప్పుడు దగ్గు, పొలమారడం ఉంటే డాక్టరుకు చెప్పండి. పడుకోబెట్టి తాగించకండి.

3. వారానికి రెండు రాత్రులు తమ్ముణ్ని రమ్మనండి. రాయగడ నుంచి గుణుపురానికి బస్సే కదా! మొహమాటం వద్దు.

4. అప్పటికీ నిద్ర పట్టకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి. ఉచితం, రాత్రయినా ఎత్తుతారు. తెలుగు ఎంచుకోవచ్చు, ఒడియాలో తడుముకోనక్కర్లేదు.