ముక్కులోంచి నీళ్లు... జలుబేనా?

ప్రశ్న: అమ్మకు 52 ఏళ్లు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథిలోని గడ్డను ముక్కులోంచి ఎండోస్కోపీతో తీశారు. ఇంటికొచ్చి నాలుగు రోజులైంది. వంగినప్పుడల్లా ముక్కులోంచి నీళ్లు చుక్కలుగా కారుతున్నాయి. జలుబేనా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: జలుబనుకుని ఊరుకోవద్దమ్మా. ఈ రోజే ఆపరేషన్ చేసిన డాక్టరుకు చూపించండి. పుర్రె అడుగున వేసిన అతుకు సందులోంచి మెదడు చుట్టూ ఉండే నీరు కారుతూ ఉండొచ్చు. నా పేషెంటు ఒకాయనకు చెప్పుల పట్టీ పెట్టుకోవడానికి వంగినప్పుడే మొదటి చుక్క రాలింది. గొంతులోకి ఉప్పగా దిగుతోందేమో అమ్మను అడగండి. ఆ చుక్కల్ని శుభ్రమైన సీసాలో పట్టి తీసుకెళ్లండి, ల్యాబ్‌లో తేలుతుంది. అందాకా ముక్కు చీదనివ్వకండి. తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్మమనండి. జ్వరమొచ్చినా, మెడ బిగుసుకున్నా అర్ధరాత్రైనా సరే ఎమర్జెన్సీకి వెళ్లండి. స్టెరాయిడ్ మాత్రలు రాసి ఉంటే ఒక్క పూట కూడా మానొద్దు.