నాన్నగారి కార్టూన్ జెన్

ప్రశ్న: రిటైరైన మా నాన్నగారు మనవడితో రోడ్ రన్నర్ కార్టూన్లే చూస్తూ, “ఇందులో జెన్ (బౌద్ధుల ధ్యాన మార్గం) ఉందమ్మా” అంటారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, మలక్‌పేట, హైదరాబాద్

జవాబు: నిజమేనమ్మా! చక్ జోన్స్, మైకేల్ మాల్టీస్ సృష్టించగా 1949లో తెరపైకి వచ్చిన ఆ కొయోటీ (రోడ్ రన్నర్ అనే పక్షిని వేటాడే, తోడేలు లాంటి జంతువు) కొండ అంచు దాటాక కూడా గాలిలో పరుగెడుతూనే ఉంటాడు. కిందకు చూశాకే పడతాడు. ఆ చూపుకు ముందుండే మనసు కోసమే జెన్ సాధకులు ఏళ్ల తరబడి ధ్యానంలో కూర్చుంటారు. నాకు మరీ ఇష్టమైనది జోన్స్ పెట్టుకున్న నియమం: కొయోటీ వేటను ఎప్పుడైనా ఆపేయవచ్చు, మూర్ఖపు పట్టుదల లేకపోతే. పక్షి అతణ్ణి గాయపరచదు, “బీప్ బీప్” అంటుందంతే. అమీర్‌పేటలో మెట్రో మారేవాళ్ల తోపులాటలో నాకు కొయోటీయే కనిపిస్తాడు. నాన్నగారిని అడగండి: పక్షి చిక్కిన మర్నాడు కొయోటీ ఏం చేస్తాడు?